టెక్కలి గ్రానైట్ లావా కాదు: కుంగిన నేల, కరిగిన రాయి గురించి నాలుగు మాటలు

బాబూ, నీ ప్రశ్నలో నాలుగైదు ప్రశ్నలు ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. ముందు వాటిని నా మాటల్లో చెప్పుకుంటాను, తప్పుంటే దిద్దు. మీ నాన్నగారు టెక్కలి దగ్గర గ్రానైట్ క్వారీలో పని చేస్తారు. ఈ రాయి ఒకప్పటి అగ్నిపర్వతం నుంచి వచ్చిందని అక్కడి మేస్త్రీ చెప్పాడు. నువ్వేమో డిగ్రీలో జియాలజీ చదువుతున్నావు, ప్లేట్లు, అంటే భూమి పైనున్న గట్టి రాతి పలకలు, ఢీకొన్నచోట అగ్నిపర్వతాలు పుడతాయని క్లాసులో విన్నావు. మరి ఇండియా వెళ్ళి ఆసియాను గుద్దుకుంటే హిమాలయాల్లో ఒక్క అగ్నిపర్వతమూ లేదేం? అండమాన్ దగ్గర ఎందుకుంది? హిమాలయాల మట్టి మన బంగాళాఖాతం అడుగున కిలోమీటర్ల మందాన పేరుకుందంటారు, అంత మట్టి పట్టే గుంటను ఎవరు తవ్వారు? వీటన్నిటికీ పైపెంకు కిందనున్న మందపాటి పొర, అంటే మాంటిల్, ప్రవాహమే మూలమైతే భూమి లోపల లావా నదులు పారుతున్నాయా? చివరిగా, మన వైపు కూడా అగ్నిపర్వతం వస్తుందా?

(మన శ్రీకాకుళంలో గుంట అంటే ఆడపిల్ల అనే అర్థమూ ఉంది. ఇక్కడ మాత్రం పల్లం అనే చదువుకో.)

నేను ముప్పై ఏళ్లు చమురు బావుల మీద జియాలజిస్టుగా తిరిగి ఇప్పుడు విజయనగరంలో ఇంటిపట్టున ఉంటున్నాను. నా అనుభవంలో కుర్రాళ్లు ఈ సబ్జెక్టులో తికమక పడేది ఒక్కచోటే. బేసిన్, అంటే మట్టి పేరుకునే పెద్ద పల్లం, చూడగానే ఇంత మట్టి ఎక్కడిదని అడుగుతారు. మట్టిదేముంది, వానా ఏరూ ఉంటే ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. అది పట్టడానికి చోటు ఎలా వచ్చిందన్నదే అసలు ప్రశ్న. అలాగే అగ్నిపర్వతం చూడగానే అంత వేడి ఎక్కడిదంటారు. వేడి భూమి లోపల అన్నిచోట్లా ఉంది. మరి ఆ ఒక్కచోటే రాయి ఎందుకు కరిగింది? ఈ రెండు ప్రశ్నలూ చేతిలో పెట్టుకుంటే మిగతావి దారికొస్తాయి.

ముందు లావా నదుల సంగతి తేల్చేద్దాం. రోడ్డు పనులు జరిగేచోట తారు డ్రమ్ములు పడి ఉంటాయి, చూసే ఉంటావు. చలికాలం పొద్దున్నే ఒక తారు పెళ్ల తీసి సుత్తితో కొడితే పెంకులా పగులుతుంది. అదే డ్రమ్ము మూత ఊడి పక్కకి ఒరిగి రెండు మూడు నెలలు అలాగే పడుంటే, లోపలి తారు నాలుకలా బయటికి సాగి నేల మీద పరుచుకుంటుంది. అది గట్టిదా, పారేదా? ఎంతసేపు చూశావన్నదాన్ని బట్టి చెప్పాలి. మాంటిల్ కూడా అంతే. పైపెంకు కింద నుంచి దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు వరకు ఉన్న ఆ భాగం, అక్కడక్కడా కొద్దిపాటి కరుగు తప్ప, అంతా గట్టి రాయి. భూకంపం వచ్చినప్పుడు పుట్టే తరంగాల్లో ఒక రకం ద్రవంలో అస్సలు ప్రయాణించలేదు. ఆ రకం కూడా మాంటిల్‌లోంచి నిక్షేపంగా వెళ్ళిపోతుంది. కానీ ఆ గట్టి రాయే వేడికి మెత్తబడి, ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున, మన గోళ్లు పెరిగే వేగంతో కదులుతుంది. వేడిది పైకి, చల్లబడింది కిందికి. కాబట్టి నదులూ లేవు, లావా కూడా లేదు. ఉన్నది సాగే రాయి.

ఇంకో అపోహ కూడా ఇక్కడే వదిలించుకో. ప్లేట్లు ఈ ప్రవాహం మీద తెప్పల్లా కొట్టుకుపోతున్నాయని పాత బొమ్మల్లో గీస్తారు. నిజానికి ప్లేటు ఆ ప్రవాహంలో చల్లబడిన పైపొర. సముద్రం అడుగున ఉన్న ప్లేటు వయసు పెరిగేకొద్దీ చల్లబడి బరువెక్కి, చివరికి ఒక అంచున మాంటిల్‌లోకి దిగడం మొదలుపెడుతుంది. మంచం అంచు దాటి సగం వేలాడిన దుప్పటి మిగతా సగాన్ని కూడా కిందికి లాక్కుపోయినట్టు, ఆ మునిగే భాగం వెనకున్న ప్లేటు మొత్తాన్ని లాగుతుంది. ఇండియాను ఆసియా వైపు లాక్కెళ్ళింది ప్రధానంగా ఆ లాగుడే. మధ్యలో టెథిస్ అనే సముద్రం ఉండేది. దాని అడుగు ఆసియా కిందికి దిగిపోతూ ఇండియాను వెంట తీసుకెళ్ళింది.

సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట ఇండియా ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా వేగంతో పరుగెత్తింది. ప్లేట్ల లెక్కల్లో అది చాలా ఎక్కువ. మహారాష్ట్ర వైపు పరుచుకున్న దక్కన్ లావాలకు కారణమైన వేడి మాంటిల్ పొంగు ప్లేటును తోసిందని ఒక వాదన. ఆసియా వైపు ఒకటి కాకుండా వరసగా రెండు చోట్ల సముద్రపు ప్లేటు దిగుతూ రెండింతలుగా లాగిందని ఇంకో వాదన. తోపు కంటే లాగుడుకే బలం ఎక్కువ కాబట్టి నేను రెండోదాని వైపు మొగ్గుతాను. మీ లెక్చరర్ మొదటిదాన్ని సమర్థిస్తే వాదించకు, మార్కులు ఆయన చేతిలో ఉంటాయి. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఖండం వెళ్ళి ఖండాన్ని తాకింది. అప్పటినుంచి వేగం పడిపోయి ఇప్పుడు ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్లకు వచ్చింది.

ఇక కరగడం సంగతి. వంద కిలోమీటర్ల లోతున మాంటిల్ వేడి ఇంచుమించు 1,300 డిగ్రీలు. ఆ వేడికి ఇక్కడ పైన అయితే ఆ రాయి కరగడం మొదలుపెడుతుంది. అక్కడ కరగదు, ఎందుకంటే పైనున్న బరువు దాన్ని అదిమి పట్టి ఉంచుతుంది. అలాంటి రాయి కరగాలంటే మూడు దారులు. ఇంకా వేడెక్కించాలి, లేదా మీదున్న బరువు తగ్గించాలి, లేదా అందులోకి నీళ్లు చేర్చాలి. మొదటిది భూమిలో అనుకున్నంత మామూలు విషయం కాదు. రెండోది కుక్కర్ లాంటిది. లోపల 120 డిగ్రీల దగ్గర కూడా మరగకుండా ఉన్న నీళ్లు, మూత తీస్తే ఒక్కసారిగా మరిగిపోతాయి. లోతునుంచి వేడి రాయి పైకి వచ్చేకొద్దీ మీద బరువు తగ్గి, తనంతట తానే కొంచెం కొంచెం కరుగుతుంది. సముద్రం మధ్య ప్లేట్లు విడిపోయేచోటా, లోతునుంచి వేడి రాయి పొంగే హవాయి లాంటి హాట్‌స్పాట్ల దగ్గరా ఇదే జరుగుతుంది.

మూడోది అందరూ తేలిగ్గా తీసుకునేది, నీ అండమాన్ ప్రశ్నకు జవాబు మాత్రం అందులోనే ఉంది. ఐసుఫ్రూట్ బండివాడు ఐసు ముక్కల్లో రాళ్లుప్పు ఎందుకు వేస్తాడు? ఉప్పు తగిలిన ఐసు సున్నా డిగ్రీలకంటే తక్కువలోనే కరుగుతుంది. నీళ్లు తగిలిన మాంటిల్ రాయి పరిస్థితి కూడా అదే, మామూలుకంటే కొన్ని వందల డిగ్రీలు తక్కువలోనే కరగడం మొదలుపెడుతుంది. మరి వంద కిలోమీటర్ల లోతుకి నీళ్లు ఎవరు మోసుకెళ్తారు? సముద్రపు ప్లేటే మోస్తుంది. కోట్ల ఏళ్లు ఉప్పునీటి అడుగున నానిన ఆ రాళ్లలో నీళ్లు ఖనిజాల లోపలే బంధించి ఉంటాయి. ప్లేటు వాలుగా దిగుతూ దాదాపు వంద కిలోమీటర్ల లోతుకి చేరేసరికి ఆ ఖనిజాలు ఒత్తిడికీ వేడికీ విరిగి నీళ్లు వదిలేస్తాయి. అవి పైనున్న వేడి మాంటిల్‌లోకి ఎక్కి దాన్ని కరిగిస్తాయి. ఆ కరుగు పైకొచ్చిన చోట ద్వీపాల వరస లేస్తుంది.

మన తీరం నుంచి బంగాళాఖాతానికి అడ్డంగా 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న బారెన్ ద్వీపం అలా పుట్టిందే. ఇండియా ప్లేటు సముద్రపు అంచు అక్కడ తూర్పుగా, బర్మా ప్లేటు అనే చిన్న ముక్క కిందికి దిగుతోంది. మనదేశంలో ఇప్పటికీ రగులుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. 1787లో పేలినట్టు నమోదైంది, 19వ శతాబ్దం మొదటి భాగం తర్వాత నూటయాభై ఏళ్లకు పైగా పడుకుని 1991లో మళ్ళీ లేచింది. 2004 డిసెంబరు 26న సునామీ పుట్టించిన పగులు కూడా ఈ దిగుడు గీత మీదిదే. ఒకే ప్లేటు, ఒకే కదలిక. ఒకచోట అది దేశాన్ని వణికించే భూకంపమైంది, దాని వెనకాల కొద్ది దూరంలో పొగలు కక్కే కొండైంది.

ఇప్పుడు హిమాలయాలకు వద్దాం. అక్కడ అగ్నిపర్వతాలు లేవనడం సగమే నిజం. టెథిస్ సముద్రం ఉన్నన్నాళ్లూ అక్కడ అచ్చం అండమాన్ లాంటి వరసే ఉండేది. లేహ్ చుట్టుపక్కల బోడి కొండల్లో కనిపించే గ్రానైట్ ఆ పాత అగ్నిపర్వతాల పునాది. పైనున్న కొండలు అరిగిపోయి కింద కొలిమి మాత్రం మిగిలింది. సముద్రం అయిపోయాక ఖండం వచ్చి తగిలింది. ఖండపు రాయి తేలిక, లోతుకి మునగదు, పైగా సముద్రపు అడుగులా నానినదీ కాదు. నీళ్ల సరఫరా ఆగిపోయింది, కొలిమి ఆరిపోయింది. ఆ తర్వాత జరిగిందంతా నలుగుడు, మడతపడడం, ఒకదాని కిందికి ఒకటి దూరడం. టిబెట్ కింద పైపెంకు మందం ఇప్పుడు దాదాపు 70 కిలోమీటర్లు, మామూలుకి రెట్టింపు.

అంత మందమైన రాతిదిబ్బ ఊరికే ఉండదు. రాళ్లలో కొద్దిగా ఉండే యురేనియం, థోరియం, పొటాషియం నెమ్మదిగా వేడి పుట్టిస్తూ ఉంటాయి. పైనుంచి దుప్పట్లు కప్పినట్టు ఉంటే ఆ వేడి బయటికి పోలేదు. కోటి రెండు కోట్ల ఏళ్లు గడిచేసరికి మధ్యభాగం కరుగుతుంది. గంగోత్రి పైనున్న శివలింగం, భాగీరథి శిఖరాల తెల్లటి గ్రానైట్ సుమారు 2 కోట్ల ఏళ్ల కిందట అలా కరిగి గట్టిపడిందే. అయితే ఆ కరుగు పైకి చిమ్మలేదు. మాంటిల్ కరిగితే వచ్చే బసాల్ట్ చోడి (రాగి) అంబలిలా జారుతుంది, పైపెంకు కరిగితే వచ్చే గ్రానైట్ చోడి ముద్దలా ఉంటుంది. ముద్ద పైపులో ఎక్కదు కదా. పైకి వచ్చేకొద్దీ అందులోని నీళ్లు విడిపోయి ఇంకా బిగుసుకుపోతుంది, దారిలోనే ఆగిపోతుంది. కాబట్టి నీ క్లాసులో చెప్పింది తప్పు కాదుగానీ సగమే. ఢీకొనడం వల్ల నిప్పు పుట్టదు. నానిన ప్లేటు దిగుతున్నంతకాలమే పుడుతుంది.

సరే, నిప్పు సంగతి చాలు. గుంటల సంగతికొద్దాం, నా బతుకంతా వాటిలోనే గడిచింది.

నవారు మంచం మీద ఒక పక్కన లావాటి మనిషి కూర్చున్నాడనుకో. ఆయన కింద మంచం కుంగుతుంది, ఆయన పక్కన కూడా ఒక పల్లం ఏర్పడుతుంది, మంచం మీద పెట్టిన వేరుశనగలన్నీ ఆ పల్లంలోకి దొర్లుతాయి. హిమాలయాల బరువు ఇండియా ప్లేటుని అలాగే కుంగదీసింది. ఆ పల్లమే గంగా మైదానం. ఉత్తరాన కొండల పాదం దగ్గర మట్టి మందం నాలుగైదు కిలోమీటర్లు, దక్షిణానికి వచ్చేకొద్దీ పలచబడి చివరికి రాయి పైకి తేలుతుంది. ఎవరూ తవ్వలేదు, వంగింది. కొండలు అరిగి వచ్చిన మట్టి ఆ పల్లాన్ని నింపుతుంది, మట్టి బరువుకి ఇంకాస్త వంగుతుంది. ఢీకొనడం వల్ల పుట్టే బేసిన్లలో దీన్ని మించిన ఉదాహరణ లేదు.

బంగాళాఖాతం కథ వేరు. చాలామంది రెండింటినీ కలిపేస్తారు, పరీక్షల్లో కూడా. అక్కడికి మట్టి తెచ్చింది హిమాలయాలే, చోటిచ్చింది మాత్రం అవి కావు. ఆ చోటు హిమాలయాలు పుట్టకముందే, దాదాపు 13 కోట్ల ఏళ్ల కిందట తయారైంది. అప్పటిదాకా మన తూర్పు తీరానికి ఆనుకుని ఉన్నది అంటార్కిటికా. నిజమే, భావనపాడు బీచిలో నిలబడి తూర్పుకి చూస్తే కనిపించాల్సింది సముద్రం కాదు, అంటార్కిటికాలోని ఎండర్బీ ప్రాంతం. ఆ రెండింటి మధ్య పైపెంకు సాగి, పలచబడి, తెగింది. తెగిన చోట మాంటిల్ పైకొచ్చి కరిగి కొత్త సముద్రపు అడుగు పుట్టింది. కొత్తగా పుట్టిన అడుగు వేడిగా, ఉబ్బి ఉంటుంది, నీటి లోతు రెండున్నర కిలోమీటర్లకు మించదు. చల్లబడేకొద్దీ రాయి కుంచించుకుని బరువెక్కి దిగుతుంది. పది కోట్ల ఏళ్లు గడిచేసరికి ఐదున్నర కిలోమీటర్ల దాకా దిగిపోతుంది. పొంగిన పూరీ చల్లారాక అణిగినట్టు. తీరం దగ్గర సాగి పలచబడ్డ భూభాగం కూడా ఇలాగే చల్లబడి కుంగుతుంది. సాగిన పైపెంకు ఎంత దిగుతుందో లెక్కగట్టే పద్ధతిని 1978లో డాన్ మెకంజీ ఇచ్చాడు. మా ఆఫీసుల్లో ఈరోజుకీ బేసిన్ లెక్కలు దానితోనే మొదలవుతాయి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను, ఇది తెలిస్తే 'ఇంత మందం ఎలా పట్టింది' అనే ఆశ్చర్యం సగం పోతుంది. ఒక కిలోమీటరు లోతు నీళ్లున్న గుంటను మట్టితో నింపితే పట్టేది కిలోమీటరు మట్టి కాదు. నీటికంటే మట్టి బరువెక్కువ, ఆ బరువుకి అడుగు ఇంకా కుంగుతుంది, కుంగితే ఇంకా మట్టి పడుతుంది. చివరికి రెండు నుంచి రెండున్నర కిలోమీటర్ల మట్టి పడుతుంది. ఐదు కిలోమీటర్ల లోతున్న సముద్రానికి ఈ లెక్క వేసి చూడు. గంగా బ్రహ్మపుత్రలు కలిసి ఏడాదికి సుమారు 100 కోట్ల టన్నుల మట్టి తెస్తాయి. బంగ్లాదేశ్ తీరం ఎదుట సముద్రం కింద ఒక పెద్ద లోయ ఉంది, అందులోంచి ఆ బురద లోతుకి జారి, అడుగున ఏటి పాయల్లా విడిపోయి దక్షిణానికి పారుతుంది. అలా పరుచుకున్నదే బెంగాల్ ఫ్యాన్. పొడవు సుమారు 3,000 కిలోమీటర్లు, శ్రీలంక దాటి భూమధ్యరేఖ కిందికి కూడా వెళ్ళింది. ప్రపంచంలో సముద్రం అడుగున ఇంతకంటే పెద్ద మట్టి విసనకర్ర లేదు. ఉత్తరాన మందం 16 కిలోమీటర్లు దాటుతుంది, అంటే ఎవరెస్టు మీద ఎవరెస్టు నిలబెట్టినంత. 2015లో అంతర్జాతీయ డ్రిల్లింగ్ ఓడ ఒకటి శ్రీలంకకు తూర్పున, 8 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర వరసగా ఏడు చోట్ల ఈ ఫ్యాన్‌లో బోర్లు వేసింది. అంత దూరంలో కూడా పైకి వచ్చింది హిమాలయాల అభ్రకం, ఇసుక.

మరి మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నేల మీద చమురు బేసిన్ ఎందుకు లేదని ఒకాయన అడిగారు. గోదావరి, మహానది రెండూ అంటార్కిటికా విడిపోకముందే సాగి కుంగిన పాత పగులు లోయల గుండా వస్తాయి, బొగ్గు ఉన్నది కూడా వాటిలోనే. మధ్యలో మన ముక్క గట్టిగా, ఎత్తుగా ఉండిపోయింది. వంశధార, నాగావళి తెచ్చేది తీరం పొడవునా పలచగా పరుచుకుని మిగతాది సముద్రంలోకి పోతుంది. అంతే.

ఇప్పుడు మాంటిల్ ప్రవాహం స్వయంగా చేసే పని. రెండు రకాలుగా కనిపిస్తుంది. మొదటిది కంటికి కనపడదు. శ్రీలంకకు దక్షిణంగా హిందూ మహాసముద్రంలో నీటి మట్టం సగటు కంటే దాదాపు 106 మీటర్లు పల్లంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ భూమి గురుత్వాకర్షణ బలహీనం. ఓడలో వెళ్తే తెలియదు, వాలు అంత నెమ్మది. 2023లో బెంగళూరు ఐఐఎస్‌సీ పరిశోధకులు దీనికి ఒక వివరణ ఇచ్చారు. మునిగిపోయిన టెథిస్ ప్లేటు ముక్కలు మాంటిల్ అడుగుకి చేరి, ఆఫ్రికా కిందనున్న వేడి రాశిని కదిలించాయి. అందులోంచి లేచిన తేలికైన వేడి రాయి ఈ సముద్రం కింద పైభాగంలో చేరింది. అంటే ఎప్పుడో మాయమైన సముద్రం ఈరోజు నీటి మట్టాన్ని లాగుతోందన్నమాట. ఇలాంటి లోతు ప్రవాహాలు నేలను కూడా వందల మీటర్లు పైకి లేపగలవు, కిందికి దించగలవు. అందుకే కొన్ని బేసిన్లలో సాగుడూ బరువూ రెండూ లెక్కగట్టినా కొంత కుంగుడు మిగిలిపోతుంది. ఆ మిగులుకి కారణం కింద వెతకాలి.

రెండోది అందరికీ తెలిసిన వేడి పొంగు, ప్లూమ్. అంటార్కిటికా విడిపోయిన కొంతకాలానికి, సుమారు 11.7 కోట్ల ఏళ్ల కిందట, ఝార్ఖండ్‌లోని రాజ్‌మహల్ కొండల లావా పారింది. కెర్గ్యూలెన్ అనే హాట్‌స్పాట్‌తో దానికి సంబంధం ఉందంటారు. ఇండియా ఉత్తరానికి జరిగేకొద్దీ అదే హాట్‌స్పాట్ సముద్రం అడుగున దాదాపు 5,000 కిలోమీటర్ల పొడవున తిన్నని గట్టు వదిలింది, తూర్పు రేఖాంశం 90 డిగ్రీల మీద ఉండడంతో దాని పేరే నైంటీఈస్ట్ రిడ్జ్. తర్వాత 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ లావాలు. మహారాష్ట్ర వైపు పొంగిన ఆ లావా కొంత పాత నదీ లోయల్లో పడి రాజమండ్రి దాకా వచ్చింది, దాదాపు వెయ్యి కిలోమీటర్లు. ఇంత దూరం పారిన లావా భూమి మీద మరోచోట తెలియదు.

దీని గురించి నా సొంత అవమానం ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో గోదావరి డెల్టాలో ఒక రిగ్గు మీద నైట్ డ్యూటీ. బావిలోంచి మడ్‌తో, అంటే తొలిచేటప్పుడు లోపలికి పంపే బురదనీళ్లతో, పాటు పైకొచ్చే రాతి నలుసులు, కటింగ్స్ అంటాం, గంట గంటకీ కడిగి చూసి రాయాలి. తెల్లవారుజామున నల్ల నలుసులు రావడం మొదలైంది. నిద్రమత్తులో 'నల్ల షేల్' (బంకమన్ను గట్టిపడిన రాయి) అని రాసేశాను. బావి తొలిచే బిట్టు దిగే వేగం సగానికి పడిపోయిందని కూడా పట్టించుకోలేదు. పొద్దున సీనియర్ వచ్చి, నలుసుల్ని మళ్ళీ శుభ్రంగా కడిగించి, బిట్టు నుంచి రాలిన ఇనపరజను వేరు చేయించి, మిగిలిన వాటి దగ్గర అయస్కాంతం పెట్టారు. నల్ల నలుసులు వెళ్ళి అతుక్కున్నాయి. "షేల్ అతుక్కుంటుందా నాయనా?" అన్నారు. అది బసాల్ట్. దక్కన్ లావా, గోదావరి బేసిన్ మట్టిపొరల మధ్య శాండ్‌విచ్ అయి కూర్చుంది. కింద సముద్రపు మట్టి, మధ్యలో లావా, పైన మళ్ళీ మట్టి. చోటు ఒక కారణంతో వచ్చింది, నిప్పు ఇంకో కారణంతో వచ్చింది, రెండూ ఒకే బావిలో కలిశాయి.

ఇక మీ నాన్నగారి క్వారీ రాయి. మేస్త్రీకి అనుభవం ఉంది, రాయి ఏ వాటాన చీలుతుందో మనకంటే ఆయనకే బాగా తెలుసు. కానీ లావా అన్న మాట తప్పు. తాజాగా కోసిన బ్లాకు ముఖం చూడు. గింజలు కంటికి విడివిడిగా కనిపిస్తాయి, కొన్ని వేలిగోరంత ఉంటాయి. లావా గాలి తగిలి గబగబా చల్లారుతుంది, గింజ పెరగడానికి టైమ్ ఉండదు. అంత గింజ రావాలంటే కిలోమీటర్ల లోతున లక్షల ఏళ్లు నెమ్మదిగా చల్లారాలి. వ్యాపారంలో మెరుగు పట్టే గట్టి రాయినంతా గ్రానైట్ అంటారు. మన బెల్టులో ఆ పేరు మీద అమ్ముడుపోయే వాటిలో చార్నకైట్ అనే ముదురురంగు రాయి లాంటివి కూడా ఉన్నాయి. (కలకత్తాలో జాబ్ చార్నక్ సమాధి రాయి అదే, పేరు అలా వచ్చింది.)

వీటికంటే నాకు ఇష్టమైనది పక్కనే ఉండే తుప్పురంగు రాయి. మన కొండల్లో ఎక్కడ చూసినా ఉంటుంది, దానిమ్మ గింజల్లా ఎర్రటి గార్నెట్లు పొదిగి ఉంటాయి. కోణార్క గుడి కట్టింది ప్రధానంగా దానితోనే. మన కొండల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద దానికి ఖోండలైట్ అని పేరు పెట్టారు. ఆ రాయి పుట్టుక బురద. ఒక సముద్రపు బేసిన్‌లో పేరుకున్న బంకమన్ను. దాని తోడుగా ఇసుక పేరుకుంది, అది క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి అయింది. సున్నం పేరుకుంది, బొర్రా గుహలున్న పాలరాయి అదే. మాంగనీసు పేరుకుంది, గరివిడి, చీపురుపల్లి వైపు వందేళ్లకు పైగా తవ్వుతున్నది దాన్నే. అక్కడి కోడూరు గనుల పేరు మీద కోడురైట్ అని ఒక రాయికి పేరు కూడా ఉంది. బురద, ఇసుక, సున్నం, మాంగనీసు: ఏ సముద్రం అడుగున చూసినా దొరికే సరుకే.

సుమారు 95 నుంచి 100 కోట్ల ఏళ్ల కిందట మన వైపు భూభాగమూ ఇప్పటి అంటార్కిటికా భాగమూ ఢీకొని ఆ బేసిన్‌ను నలిపేశాయి. బురద పాతిక ముప్పై కిలోమీటర్ల లోతుకి వెళ్ళింది, 900 డిగ్రీలు దాటి ఉడికింది. అందులోనే గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలు పుట్టాయి, కొంత కరిగి గ్రానైట్ అయింది. అంత వేడి ఎలా వచ్చిందన్నది ఇప్పటికీ వాదనే. మందమైన పైపెంకు తన వేడికి తానే కోట్ల ఏళ్లు ఉడికిందని కొందరు, కింద మాంటిల్ పైకి రావడం వల్ల అని కొందరు. హిమాలయాల దగ్గర కూడా సరిగ్గా ఇదే వాదన నడుస్తుండడం నాకు భలే అనిపిస్తుంది. ఎందుకంటే హిమాలయాల కింద 30 కిలోమీటర్ల లోతున ఇవాళ ఏం జరుగుతోందో ఎవరూ దిగి చూడలేరు. మీ నాన్నగారు రోజూ పొద్దున్నే లంచ్ బాక్స్ పట్టుకుని వెళ్తున్నది అలాంటి చోటికే. పైనున్న పాతిక ముప్పై కిలోమీటర్ల రాయి అరిగి ఏ సముద్రాల్లోనో మట్టిగా చేరింది. ఆ కొండల అడుగు మాత్రం మనకు మిగిలింది. ఎవరెస్టు శిఖరం మీదున్నది కూడా సముద్రపు సున్నపురాయే. అక్కడ బేసిన్ పైభాగం కనిపిస్తే, ఇక్కడ బాగా ఉడికిన అడుగు కనిపిస్తుంది.

ఆ అరుగుడు ఆగలేదు. కళింగపట్నంలో అల వెనక్కి వెళ్ళాక ఇసుక మీద ముదురెరుపు చారలు మిగులుతాయి, చిన్నప్పుడు ఎవరో రంగు పోశారనుకునేవాణ్ణి. అవి ఖోండలైట్ నుంచి రాలిన గార్నెట్ గింజలు, బరువెక్కువ కాబట్టి అల వాటిని వదిలేసి తేలిక ఇసుకను తీసుకుపోతుంది. నల్ల చారల్లో ఇల్మనైట్ అనే ఇనుము, టైటానియం ఖనిజం ఉంటుంది. వంద కోట్ల ఏళ్లకు ముందెప్పుడో ఒక సముద్రంలో బురదగా పడ్డది, ఉడికి, కొండై, అరిగి, గెడ్డల్లో (వాగుల్లో) కొట్టుకొచ్చి మళ్ళీ ఇంకో సముద్రం ఒడ్డున పడుతోంది.

నీ చివరి ప్రశ్న, మనకి అగ్నిపర్వతం వస్తుందా అని. రాదు. మన కింద ఏ నానిన ప్లేటూ దిగడం లేదు, ఏ ప్లూమూ లేదు, పైపెంకు సాగడమూ ఎప్పుడో ఆగిపోయింది.

వచ్చే ఆదివారం రెండు పనులు చెయ్యి. బీచికి వెళ్తే పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం ఒకటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి పట్టుకెళ్ళు, నల్ల చార మీద తిప్పి ఏం అతుక్కుంటుందో చూడు. బలమైన అయస్కాంతమైతే ఎర్ర గింజలు కూడా కొన్ని వస్తాయి. క్వారీకి మీ నాన్నగారితోనే వెళ్ళు, బ్లాస్టింగ్ అయిన రోజు మాత్రం గోడ దగ్గరికి పోకు. గ్రానైట్‌కీ ఆ తుప్పురంగు రాయికీ మధ్య హద్దు ఎక్కడైనా తెగ్గోసినట్టు ఉందా, ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయినట్టు ఉందా అన్నది చూసి ఫోటో పెట్టు. సైజు తెలిసేలా పక్కన రూపాయి బిళ్ళ ఉంచు.